పైపు బెండర్ ఎంపిక: ఏ అంగుళం, ఏ వంపు

పంజాగుట్ట కూడలి నుంచి అమీర్‌పేట మైత్రీవనం దాకా ఉన్న వీధుల్లో ఉక్కు గొట్టం వాడని భవనం అరుదు. శిక్షణ సంస్థల విద్యార్థులు ఉండే హాస్టళ్లలోని రెండంతస్తుల మంచాలు, బాల్కనీ గ్రిల్సు, మెట్ల పక్క రెయిలింగులు, డాబా మీది నీళ్ల ట్యాంకు స్టాండ్లు, దుకాణాల ముందరి రేకుల పందిళ్లు, ఇవన్నీ ఏదో ఒక కొలత పైపుతోనే తయారవుతాయి. వీటిలో ఎక్కువ భాగం మూలలను ఏటవాలుగా కోసి వెల్డింగుతో అతికినవే. పైపు ఎక్కడా తెగకుండా గుండ్రంగా మలుపు తిరిగినవి తక్కువ. అతికిన మూల చూపుకు మొరటుగా ఉండటం అటుంచితే, వెల్డింగు గీత వెంబడి రంగు త్వరగా లేచి తుప్పు అక్కడే మొదలవుతుంది, ఇరుకు గదిలో మంచం మూల మోకాలికి తగులుతుంది, కోత నాణ్యత బాగా లేకపోతే బరువు మోసేటప్పుడు అదే బలహీన స్థానమవుతుంది. అందుకే చిన్న ఇన్వర్టర్ వెల్డింగు యంత్రం, ఒక కటింగు యంత్రం కొనుక్కొని ఇంటి దగ్గరే ఇనుప పని మొదలుపెట్టిన వారి చూపు కొంతకాలానికి పైపు బెండర్ మీదికి మళ్లుతుంది.

బజారులో బెండర్లను టన్నుల లెక్కన అమ్ముతారు. పన్నెండు టన్నులు, పదహారు టన్నులు అన్న అంకెలు పెద్ద అక్షరాలతో ఉంటాయి కాబట్టి కొనేవారు సహజంగా వాటినే పోల్చి చూస్తారు. నిజానికి ఇంటి పనికి పనికొచ్చే బెండర్‌ను నిర్ణయించేది ఆ అంకె కాదు. పైపు కూర్చునే అర్ధవృత్తాకారపు గాడి ఉన్న దిమ్మ, అంటే డై. గాడి పైపుకు సరిగ్గా సరిపోతే సాధారణ యంత్రం కూడా చక్కని వంపు ఇస్తుంది; సరిపోకపోతే ఎంత శక్తిగల యంత్రమైనా పైపును చొట్టపెట్టి వదులుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే వంగే పైపులో లోహం ఏం చేస్తుందో ముందుగా చూడాలి.

బయటి వ్యాసం 25.4 మిల్లీమీటర్లు ఉన్న పైపును లంబకోణంలో వంచాలని అనుకుందాం. పైపు నడిమి గీత తిరిగే వృత్తపు వ్యాసార్థాన్ని వంపు వ్యాసార్థం అంటారు. అది పైపు వ్యాసానికి మూడు రెట్లు, అంటే సుమారు 76 మిల్లీమీటర్లు అయితే, నడిమి గీత వెంట వంపు పొడవు దాదాపు 120 మిల్లీమీటర్లు వస్తుంది. అదే వంపులో బయటి అంచు పొడవు 139, లోపలి అంచు పొడవు 99 మిల్లీమీటర్లు. వంచక ముందు ఈ మూడూ సమానమే కాబట్టి, బయటి గోడ సాగి పలచబడింది, లోపలి గోడ కుదించుకుని మందమెక్కింది అని అర్థం. రెండు అంచుల మధ్య వచ్చిన ఈ 40 మిల్లీమీటర్ల తేడా వంపు వ్యాసార్థం మీద ఆధారపడదన్నది ఇక్కడ గమనించదగ్గ విషయం. వ్యాసార్థాన్ని రెట్టింపు చేసి 152 మిల్లీమీటర్లు తీసుకున్నా బయటి అంచు 259, లోపలి అంచు 219 అవుతాయే తప్ప తేడా మారదు. అయితే అదే తేడా రెట్టింపు పొడవు మీద సర్దుకుంటుంది కాబట్టి లోహం పడే శ్రమ సగానికి తగ్గుతుంది. మొదటి వంపులో బయటి గోడ దాదాపు 17 శాతం సాగితే రెండో దానిలో 8 శాతం పైచిలుకు మాత్రమే సాగుతుంది. బిగువైన వంపు కష్టం, విశాలమైన వంపు సులువు అని వెల్డింగు షాపుల్లో అనుభవంతో చెప్పే మాటకు ఆధారం ఈ లెక్కే.

సాగడం, కుదించుకోవడం మాత్రమే అయితే పెద్ద చిక్కు ఉండదు, ఎందుకంటే మెత్తని ఉక్కు అంతకన్నా ఎక్కువ సాగుదలను తట్టుకుంటుంది. అసలు చిక్కు పైపు లోపల ఖాళీ ఉండటంతో వస్తుంది. సాగిన బయటి గోడలోని లాగుడు దానిని వంపు కేంద్రం వైపుకు నెడుతుంది, కుదించుకున్న లోపలి గోడలోని ఒత్తిడి దానిని కేంద్రానికి దూరంగా నెడుతుంది. రెండు గోడలూ ఒకదాని వైపు మరొకటి జరగడానికి ప్రయత్నించడంతో గుండ్రని అడ్డుకోత కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. అలా చదునైన కొద్దీ పైపు వంపును ఎదిరించే శక్తి తగ్గుతుంది, శక్తి తగ్గిన కొద్దీ మరింత తేలికగా చదునవుతుంది, ఒక దశలో ఉన్నట్టుండి మడత పడిపోతుంది. కొబ్బరిబొండంలో వేసిన స్ట్రాను వంచినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. పలుచని గొట్టాలు ఇలా కూలిపోవడానికి గణిత సూత్రాన్ని 1927లో బ్రిటన్‌కు చెందిన బ్రేజియర్ ప్రతిపాదించాడు కాబట్టి దీనిని బ్రేజియర్ ప్రభావం అంటారు.

పైపు ఎంత తొందరగా మడత పడుతుందో అంచనా వేయడానికి బయటి వ్యాసాన్ని గోడ మందంతో భాగిస్తే చాలు. ఫర్నిచరుకు వాడే అంగుళం పైపు పదహారు గేజిది అయితే మందం 1.6 మిల్లీమీటర్లు, నిష్పత్తి 16. పద్ధెనిమిది గేజిది అయితే మందం 1.2, నిష్పత్తి 21. గేజి అంకె పెరిగితే మందం తగ్గుతుందన్నది కొత్తవారు తరచూ తిరగేసి అర్థం చేసుకునే సంగతి. ఈ నిష్పత్తి ఎంత పెరిగితే గోడకు బయటి నుంచి ఆసరా అంత అవసరమవుతుంది, ఆ ఆసరా ఇచ్చేదే డై గాడి. గాడి పైపు వ్యాసంలో సగం లోతు ఉండి పక్కలను బిగుతుగా పట్టుకుంటే పైపు పక్కలకు ఉబ్బడానికి చోటు ఉండదు, పక్కలకు ఉబ్బనిదే పైనుంచి కిందికి చదును కాలేదు. గాడి ఒకటి రెండు మిల్లీమీటర్లు వెడల్పయితే ఆ మేరకు పైపు ఉబ్బుతుంది. పెద్ద కర్మాగారాల్లో లోపల కూడా మాండ్రెల్ అనే గుండు కడ్డీని ఉంచి వంచుతారు గాని, ఇంటి పనికి ఆ ఖర్చు అనవసరం. వంపు వ్యాసార్థాన్ని కాస్త పెంచుకుంటే అదే ఫలితం దాదాపుగా వస్తుంది.

గాడి పైపుకు సరిపోవాలన్న మాట చెప్పుకోవడానికి తేలికగానే ఉంటుంది. అయితే బజారులో ‘అంగుళం పైపు’ పేరుతో రెండు వేరువేరు వస్తువులు దొరుకుతాయి. నీళ్లకు, ఆవిరికి వాడే పైపులను లోపలి రంధ్రపు నామమాత్రపు కొలతతో పిలవడం పాత ఆనవాయితీ. భారతీయ ప్రమాణం ఐఎస్ 1239 ప్రకారం 25 మిల్లీమీటర్ల నామమాత్రపు రంధ్రం గల పైపు బయటి వ్యాసం 33.7 మిల్లీమీటర్లు. అదే ప్రమాణంలో అరంగుళం పైపు 21.3, ముప్పావు అంగుళం పైపు 26.9, అంగుళంన్నర పైపు 48.3, రెండంగుళాల పైపు 60.3 మిల్లీమీటర్లు ఉంటాయి. ఇవి లైట్, మీడియం, హెవీ అనే మూడు తరగతుల్లో వస్తాయి, వాటిని పసుపు, నీలం, ఎరుపు పట్టీలతో గుర్తిస్తారు. అంగుళం పైపు గోడ మందం ఈ మూడింటిలో వరుసగా 2.6, 3.2, 4 మిల్లీమీటర్లు. మరోవైపు మంచాలకు, కుర్చీలకు, తేలికపాటి గ్రిల్సుకు వాడే గొట్టాన్ని బయటి వ్యాసంతోనే కొలుస్తారు. అక్కడ అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. రెండు అంగుళాలకూ మధ్య ఎనిమిది మిల్లీమీటర్లకు పైగా తేడా ఉంది.

చవకగా దొరికే హైడ్రాలిక్ బెండర్లు ప్లంబర్ల కోసం, అంటే మొదటి రకం పైపు కోసం పుట్టినవి. వాటితోపాటు వచ్చే అరంగుళం నుంచి రెండంగుళాల దాకా ఉన్న డైలు నామమాత్రపు రంధ్రం కొలతకు తయారైనవే. అందులోని అంగుళం డైలో ఫర్నిచరు గొట్టాన్ని పెడితే అది గాడిలో వదులుగా దొర్లుతుంది, జాకీ నొక్కిన మొదటి క్షణంలోనే చదునవడం మొదలుపెడుతుంది. ముప్పావు అంగుళం డై 26.9 మిల్లీమీటర్లది కాబట్టి 25.4 గొట్టానికి దగ్గరగా వస్తుంది. మందమైన పద్నాలుగు గేజి గొట్టంతో, పెద్ద వ్యాసార్థంతో కొందరు దీనితో నెట్టుకొస్తారు గాని, పలుచని గొట్టంతో ఆ సర్దుబాటు పనిచేయదు. బెండర్ బాగోలేదని తిట్టుకునే వారిలో చాలామంది యంత్రాన్ని దాని పని కాని పనికి వాడుతున్నవారే. కాబట్టి కొనడానికి వెళ్లేటప్పుడు పైపు కొలతను నోటితో చెప్పడం కంటే, వాడబోయే పైపు ముక్కను చేతిలో పట్టుకెళ్లడం తెలివైన పని.

ఇక టన్నుల సంగతి. పైపును శాశ్వతంగా వంచడానికి కావలసిన భ్రామకం, అంటే తిప్పుబలం, ఉక్కు లొంగే ఒత్తిడి మీద, వ్యాసపు వర్గం మీద, గోడ మందం మీద ఆధారపడుతుంది. సాధారణ మెత్తని ఉక్కు లొంగే ఒత్తిడిని 250 మెగాపాస్కల్‌లుగా తీసుకుంటే, 25.4 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం గల గొట్టానికి సుమారు 275 న్యూటన్ మీటర్లు కావాలి. మీటరు పొడవు చేతికర్ర ఉన్న లీవర్ బెండర్‌తో అయితే ఇది 28 కిలోల బలం. రాపిడికి, వంగుతూ ఉక్కు గట్టిపడటానికి మరికొంత కలుపుకొన్నా ఒక మనిషి చేయగల పనే. అదే మందంతో అంగుళంన్నర గొట్టానికి 650 న్యూటన్ మీటర్లు, అంటే మీటరు కర్ర మీద 66 కిలోలు. అక్కడ మనిషి తన బరువంతా వేయాలి, లేదా కర్ర పొడవు పెంచాలి. హైడ్రాలిక్ యంత్రంలో రెండు ఆనింపు రోలర్ల మధ్య 300 మిల్లీమీటర్ల దూరం ఉందనుకుంటే, మొదటి గొట్టాన్ని వంచడానికి మధ్యలో నొక్కే బలం 370 కిలోల చిల్లర సరిపోతుంది. రెండంగుళాల మీడియం తరగతి నీళ్ల పైపుకు, రోలర్ల మధ్య అర మీటరు ఉంటే, రెండున్నర టన్నుల లోపే లెక్క తేలుతుంది. వంపు ముదిరేకొద్దీ బలాల దిశలు మారి ఈ అంకెలు పెరుగుతాయి గాని, పన్నెండు టన్నుల జాకీలో ఇంటి పనికి అవసరమైన దానికన్నా ఎంతో మిగులు ఉందన్నది స్పష్టం. దాన్ని పదహారు టన్నులకు పెంచుకోవడానికి పెట్టే డబ్బు ఒక మంచి డైకి పెడితే ప్రయోజనం ఎక్కువ.

లీవర్ బెండర్‌కూ హైడ్రాలిక్ బెండర్‌కూ మధ్య దుకాణదారులు సాధారణంగా చెప్పని తేడా ఒకటి ఉంది, అది అమీర్‌పేట వంటి చోట నిర్ణయాత్మకమవుతుంది. హైడ్రాలిక్ యంత్రంలో జాకీ ముందుకు నెట్టే బలాన్ని రెండు రోలర్లు వెనక్కి నెడతాయి, ఆ రోలర్లు జాకీ ఉన్న చట్రానికే బిగించి ఉంటాయి. బలమంతా చట్రంలోనే చుట్టు తిరిగి ముగుస్తుంది కాబట్టి యంత్రాన్ని నేల మీద ఊరికే పెట్టి పని చేసుకోవచ్చు. లీవర్ బెండర్ అలా కాదు. కర్రను తిప్పే మనిషి యంత్రాన్ని కూడా తిప్పేస్తాడు కాబట్టి దానిని నేలకు లేదా బరువైన బల్లకు బోల్టులతో బిగించాలి, కర్ర తిరగడానికి చుట్టూ మీటరున్నర జాగా వదలాలి, ఆరడుగుల పైపు తోక ఊడ్చుకుంటూ తిరిగే దారి కూడా ఖాళీగా ఉండాలి. అపార్టుమెంటు సెల్లారులో కార్ల మధ్య ఇది సాధ్యం కాదు. డాబా మీద స్లాబుకు రంధ్రాలు వేసి బోల్టులు దిగ్గొడితే పైఅంతస్తు వారి గదిలోకి వాన నీరు దిగడం ఖాయం, తర్వాత సొసైటీ సమావేశంలో జరిగే చర్చ శాస్త్ర పరిధిలోకి రాదు. సొంత ఇల్లు, ఖాళీ పెరడు ఉన్నవారికి లీవర్ బెండర్, అపార్టుమెంటు వాసికి హైడ్రాలిక్ బెండర్ అన్న విభజన ఈ కారణం వల్ల సమంజసం. రెండింటికీ కటింగు యంత్రపు రొద లేకపోవడం ఇరుగుపొరుగుతో సఖ్యతకు మంచిదే.

నాణ్యత విషయంలో మాత్రం మొగ్గు లీవర్ వైపే. అందులో మంచి రకం రోటరీ డ్రా పద్ధతిలో పనిచేస్తుంది. పైపు ఒక కొసను గుండ్రని డైకి బిగించి, డైనే తిప్పుతూ పైపును దాని చుట్టూ లాక్కుంటారు, ఎదురుగా ఒక ఆనింపు దిమ్మ పైపును గాడిలోకి నొక్కి పట్టుకుంటుంది. ప్రతి క్షణం వంగుతున్న బిందువు ఒక్కటే, ఆ బిందువుకు రెండు వైపులా ఆసరా ఉంటుంది. జాకీ యంత్రంలో రోలర్లకూ డైకీ మధ్య పైపు ఆసరా లేకుండా గాలిలో ఉంటుంది. అందుకే పలుచని ఫర్నిచరు గొట్టం ప్రధానంగా వాడేవారు, స్థలం దొరికితే, సరైన కొలత గాడి ఉన్న ఒకే ఒక డైతో లీవర్ బెండర్ కొనడం మేలు. ఆరు డైల సెట్టు చవక అనిపిస్తుంది, కానీ ఇంటి పనిలో నిజంగా వాడేవి ఒకటో రెండో.

మూడు రోలర్ల బెండర్ వేరే జాతి. పైపును మూడు రోలర్ల మధ్య ముందుకూ వెనక్కూ నడిపిస్తూ మధ్య రోలరును కొంచెం కొంచెం బిగిస్తే పైపు విశాలమైన చాపంగా తిరుగుతుంది. గేటు మీద కమాను, పందిరికి అర్ధచంద్రాకారపు దూలం, గుండ్రటి బల్లకు చట్రం దీనితోనే సాధ్యం. మంచం మూలలాంటి బిగువైన వంపు దీనితో రాదు. చదరపు గొట్టాన్ని వంచాలనుకునేవారికీ కొంతవరకు ఇదే దిక్కు, లేకపోతే లోపలి చదును గోడ గుంట పడుతుంది. ఎలక్ట్రీషియన్లు వాడే చేతి కండ్యూట్ బెండర్ అన్నిటికన్నా చవక, సన్నని కండ్యూట్‌కు అది చాలు.

యంత్రమే లేకుండా ఇసుకతో వంచే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. పైపులో సన్నని పొడి ఇసుకను కొట్టి కొట్టి నింపి, రెండు చివర్లా చెక్క బిరడాలు దిగ్గొడితే లోపలి ఖాళీ పోతుంది, గోడలు ఒకదాని వైపు మరొకటి జరగలేవు. చల్లగా వంచేంత వరకు ఇది సురక్షితమే. వేడి చేయవలసి వస్తే ఇసుకను ముందుగా పెనం మీద పూర్తిగా ఆరబెట్టాలి, బిరడాల్లో ఒకదానికి సన్నని రంధ్రం ఉంచాలి. తడి మిగిలితే ఆవిరి ఒత్తిడికి బిరడా తూటాలా ఎగిరిపోతుంది. జి.ఐ. పైపును మాత్రం ఎర్రగా కాల్చకూడదు. దాని మీది జింకు పూత 420 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి, 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ పొగ పీల్చినవారికి కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వస్తుంది.

గొట్టాన్ని వంచి వస్తువు చేయడం ఆధునిక జీవితంలోకి వచ్చి నూరేళ్లయింది. జర్మనీలోని బౌహౌస్ విద్యాలయంలో పనిచేసిన మార్సెల్ బ్రాయర్ తన సైకిల్ హ్యాండిల్ బార్‌ను చూసిన స్ఫూర్తితో 1925లో వంచిన ఉక్కు గొట్టపు కుర్చీని రూపొందించాడు. హైదరాబాదులో 1942లో మొదలైన ఆల్విన్ సంస్థ ఉక్కు ఫర్నిచరు, బస్సుల బాడీలు, తర్వాతి కాలంలో రిఫ్రిజిరేటర్లు తయారు చేసి, అమీర్‌పేటకు కూతవేటు దూరంలోని సనత్‌నగర్ ప్రాంతానికి లోహపు పని నైపుణ్యాన్ని అలవాటు చేసింది. డైల రూపకల్పన ఒక ప్రత్యేక విద్య అన్న గుర్తింపుతో, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో 1968లో బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఏర్పడింది. పంజాగుట్టలో మెట్రో ఎక్కితే అమీర్‌పేట మీదుగా అదే ఎర్ర మార్గంలో బాలానగర్ చేరవచ్చు. ఆ చుట్టుపక్కల చిన్న లేత్ షాపుల్లో, కావలసిన వ్యాసానికి సరిపోయే గాడితో ఉక్కు డైని తిప్పించుకునే వీలుంది. కొన్న యంత్రంతో వచ్చిన డై కొలత కుదరనప్పుడు యంత్రాన్ని మార్చడం కన్నా ఇది చవక మార్గం. యంత్రాలను, పనిముట్లను పోల్చి చూడటానికి సికింద్రాబాదు రాణిగంజ్ బజారు ఎటూ ఉండనే ఉంది.

అయితే ప్రతి ఒక్కరూ బెండర్ కొనాలా అన్నది అడగవలసిన ప్రశ్నే. ఒక రెయిలింగుకు నాలుగు వంపులు మాత్రమే కావలసినవారు, బెండింగు చేసే షాపులో ఒక్కో వంపుకు ఇంత అని ఇచ్చి చేయించుకోవడం లేదా బజారులో సిద్ధంగా దొరికే బెండు ముక్కలు తెచ్చి అతకడం లాభం. యంత్రం, డై కలిపి అయ్యే ఖర్చును షాపువారు వంపుకు తీసుకునే ధరతో భాగిస్తే ఎన్ని వంపుల తర్వాత యంత్రం గిట్టుబాటవుతుందో తెలిసిపోతుంది. ఆ సంఖ్య రెండేళ్ల పనిలో చేరుకోలేనిదైతే కొనకపోవడమే పొదుపు. స్టెయిన్‌లెస్ స్టీలు విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆ లోహం వంగుతున్నకొద్దీ బాగా గట్టిపడుతుంది, ఇనుప డై దాని మెరుపు మీద గీతలు పెడుతుంది, వంపు తర్వాత చేసే పాలిషింగుకు పట్టే సమయం వంచడానికి పట్టే సమయాన్ని మించిపోతుంది.

కొన్న తర్వాత మొదటి పని, పనికిరాని ముక్కల మీద పరీక్షించడం. వంచిన పైపును వదలగానే అది కొంత వెనక్కి తెరుచుకుంటుంది. ఉక్కులో సాగిన భాగం శాశ్వతంగా మారినా, స్థితిస్థాపకత వల్ల మిగిలిన కొద్దిభాగం పూర్వస్థితికి రావడమే దీనికి కారణం. పైన చెప్పుకున్న 2 మిల్లీమీటర్ల మందం గొట్టంలో, 76 మిల్లీమీటర్ల వ్యాసార్థపు లంబకోణ వంపుకు ఇది లెక్క ప్రకారం దాదాపు ఒక డిగ్రీ, వ్యాసార్థం రెట్టింపైతే రెండు డిగ్రీలకు చేరువ. ఉక్కు గట్టిపడటం, యంత్రంలోని వదులు కలిసి ఆచరణలో ఇంకొంచెం పెరుగుతుంది. అందుకే తొంభై కావాలంటే తొంభైరెండు, మూడు దాకా వంచి వదిలి, ఏ పైపుకు ఎంత అదనంగా వంచాలో గోడమీదో పుస్తకంలోనో రాసిపెట్టుకోవాలి. పైపు పొడవునా కనిపించే వెల్డింగు అతుకు గీత వంపు బయటి వైపుకో లోపలి వైపుకో రాకుండా పక్కకు ఉండేలా పైపును డైలో కూర్చోబెట్టాలి, ఎందుకంటే సాగుదల, కుదింపు రెండూ తక్కువగా ఉండేది అక్కడే.

పరీక్ష ముక్కను వంపు నడిమధ్యన వెర్నియర్ కాలిపర్స్‌తో రెండు దిశల్లో కొలవాలి. ఎక్కువ వ్యాసం నుంచి తక్కువ వ్యాసాన్ని తీసివేసి అసలు వ్యాసంతో భాగిస్తే అది ఎంత శాతం చదునైందో తెలుస్తుంది. 25.4 గొట్టంలో ఒక దిశలో 26.2, రెండో దిశలో 24.4 వస్తే ఏడు శాతం; కంటికి అది తెలియను కూడా తెలియదు, మంచానికైనా రెయిలింగుకైనా ఇబ్బంది లేదు. అది పదిహేను శాతం చేరితే వెలుతురులో చదును కనబడుతుంది, వేలితో తడిమితే అంచు తగులుతుంది. ఈ అంకె ఎక్కువ వచ్చినప్పుడు జాకీని నిందించక ముందు ఆ కాలిపర్స్‌తోనే డై గాడి వెడల్పును కొలిచి చూడాలి.